సాక్ష్యం చెప్పిన తమ్ముడు మళ్లీ తాగుతున్నాడు. అతని దగ్గరికి ఎలా వెళ్లాలి?

బాపట్ల బ్రదర్ | ఆదివారం రాత్రి 9:15

అందరికీ వందనాలు. మా సంఘంలో అడిగితే మనిషి ఎవరో తెలిసిపోతుంది, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మా కూడికకు వచ్చే ఒక తమ్ముడు ఉన్నాడు. ఆటో నడుపుతాడు. భార్య, ఇద్దరు పిల్లలు. మందు మానేసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తరువాత చుట్టుపక్కల ఎక్కడ సువార్త సభలు జరిగినా అతన్ని వేదిక ఎక్కించి, దేవుడు తనను ఎలా మార్చాడో సాక్ష్యం చెప్పించేవారు. ఇప్పుడు మళ్లీ తాగుతున్నాడు. ఆరాధనకు రావడం మానేశాడు. ఫోన్ చేస్తే ఎత్తడు. దారిలో నన్ను చూస్తే ఆటోను పక్క సందులోకి తిప్పేస్తాడు. భార్య మాత్రం పిల్లల్ని తీసుకుని వస్తోంది. వెనకాల కూర్చుని, ఆశీర్వాదం అవగానే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోతోంది.

సంఘంలో కొందరు "ప్రార్థనలో పెట్టుకుందాం" అంటున్నారు, అంతకు మించి ఎవరూ కదలడం లేదు. కొందరు "దేవుని నామానికి అవమానం తెచ్చాడు, ముందు సంఘం ఎదుట ఒప్పుకోవాలి" అంటున్నారు. నాకు మాత్రం ఆ తమ్ముడు తిరిగి కావాలి. వెళ్లి ఏం మాట్లాడాలి? తాగినా పర్లేదు అన్నట్టు ఉండకూడదు, తీర్పు తీర్చడానికి వచ్చినట్టూ ఉండకూడదు. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

తెనాలి మార్త | ఆదివారం రాత్రి 10:02

వందనాలు బ్రదర్. మా ఆయన సంఘ కాపరి (పాస్టరు). ఇలాంటి ఇళ్లకు మేమిద్దరం వెళ్తూ ఉంటాం.

యోహాను సువార్త 21వ అధ్యాయం ఒకసారి చదవండి. తనను ఎరుగనని ముమ్మారు బొంకిన శిష్యుడు పేతురు ఒడ్డుకు వచ్చేసరికి యేసు ప్రభువు నిప్పుల మీద చేపలు, రొట్టె సిద్ధం చేసి ఉంచాడు. "రండి భోజనము చేయుడి" అన్నాడు. ప్రశ్న అడిగింది భోజనం అయ్యాకే. ఆ ప్రశ్న కూడా "ఎందుకు అలా చేశావు" అని కాదు, "నన్ను ప్రేమించుచున్నావా" అని. నేను ఈ వరస తప్పను. మీరూ అలాగే మొదటిసారి వెళ్లినప్పుడు ఆరాధనకు ఎందుకు రావట్లేదని అడగొద్దు. పిల్లలకు ఏదైనా పట్టుకెళ్లండి, టీ ఇస్తే తాగండి, ఆటో ఎలా నడుస్తోందో, పిల్లల చదువు ఎలా ఉందో మాట్లాడండి. లేచేటప్పుడు "మళ్లీ గురువారం వస్తాను" అని చెప్పి, ఆ గురువారం తప్పకుండా వెళ్లండి. ఒక్కసారి వెళ్లి ఆపేస్తే, సంఘం తరఫున చూసి రమ్మంటే వచ్చాడనుకుంటాడు.

ఇంకో మాట. అతని పేరు వాట్సాప్ గ్రూపులో ప్రార్థన అంశంగా పెట్టకండి. మంచి మనసుతోనే పెడతారు, కానీ సాయంత్రానికి ఆ కబురు ఆటో స్టాండుకు చేరుతుంది. ఇద్దరు ముగ్గురు నమ్మకమైనవాళ్లు చాలు, అదీ అతన్ని అడిగాక.

భీమవరం సంఘ పెద్ద | సోమవారం ఉదయం 6:20

మార్త అమ్మగారి మాట ప్రేమగా ఉంది, కాదనను. కానీ లేఖనంలో మరో వైపు కూడా ఉంది. 1 కొరింథీయులకు 5:11లో సహోదరుడనబడిన వాడు త్రాగుబోతు అయితే అట్టివానితో భుజింపనూ కూడదని పౌలు స్పష్టంగా రాశాడు. మనం వెళ్లి టీ తాగి, పిల్లల చదువు మాట్లాడి వస్తే అతనికి పాపం పాపంగా కనబడుతుందా? సంఘంలో యవ్వనస్తులు చూస్తున్నారు. నిన్న వేదిక మీద సాక్ష్యం, నేడు బెల్టు షాపు దగ్గర క్వార్టర్ సీసా అయితే వాళ్లు ఏం నేర్చుకుంటారు? నేను కఠినంగా రాయడం లేదు, భయంతో రాస్తున్నాను. మా నాన్న తాగి తాగి పోయారు. ఎవరూ గట్టిగా చెప్పలేదు.

విశాఖ నర్సు | సోమవారం మధ్యాహ్నం 2:40

నేను మానసిక వైద్య విభాగంలో పనిచేస్తున్నాను. వాక్యం గురించి పెద్దలు మాట్లాడుకోండి. నాకు తెలిసిన ప్రమాదాలు కొన్ని ముందే చెప్పాలి, ఎందుకంటే వీటివల్ల మనుషులు చనిపోవడం చూశాను.

మొదటిది. రోజూ ఎక్కువగా తాగే మనిషి చేత "ఈ క్షణం నుంచి ముట్టనని దేవుని ఎదుట ప్రమాణం చెయ్" అని ఒట్టు వేయించి, ఉపవాస ప్రార్థనకు కూర్చోబెట్టకండి. తాగుడు ఒక్కసారిగా ఆగితే మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర పట్టదు. రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనుషులతో మాట్లాడతారు, పారిపోబోతారు. దీన్ని చూసి దయ్యం పట్టిందని పట్టి ఉంచి ప్రార్థన చేసేవాళ్లు ఉన్నారు. అది దయ్యం కాదు, ఒంట్లోంచి మందు దిగిపోతుంటే వచ్చే జబ్బు. ఆస్పత్రిలో మందులిస్తే తగ్గుతుంది. ఇంట్లో వదిలేస్తే ప్రాణం పోవచ్చు. ప్రార్థన చేయండి, అంబులెన్సులో కూర్చుని చేయండి.

రెండోది. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఆర్‌ఎంపీ చేత ముందుగా గ్లూకోజ్ సీసా ఎక్కించకండి. ఏళ్ల తరబడి తాగినవాళ్లలో బీ1 విటమిన్ బాగా తగ్గిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆస్పత్రిలో ఈ జాగ్రత్త తీసుకుంటారు.

మూడోది. మానేసి మళ్లీ పడినవాళ్లలో సిగ్గు చాలా ఎక్కువ. సిగ్గు, మందు, ఒంటరితనం కలిస్తే ఆత్మహత్య ఆలోచనలు వస్తాయి. మాటల్లో అనుమానం వస్తే సూటిగా అడగండి, "తమ్ముడూ, చచ్చిపోవాలనిపిస్తోందా?" అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందనే భయం వద్దు. అడిగితే చాలామందికి గుండె బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ 14416 నంబరుకు రోజంతా ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. తాగుడు మాన్పించే విషయానికి కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446.

మళ్లీ తాగడం ఈ జబ్బులో తరచుగా జరిగేదే. షుగర్ ఉన్నవాళ్లకు షుగర్ మళ్లీ పెరిగితే ఆస్పత్రికి తీసుకెళ్తాం కదా, ఇదీ అలాగే చూడండి.

మానిన అన్న, ఖమ్మం | సోమవారం రాత్రి 8:55

నేనూ ఆ తమ్ముడిలాంటివాణ్ణే. ఇప్పుడు ముట్టను, దేవునికి స్తోత్రం. మీకు బయటినుంచి కనబడనిది ఒకటి చెబుతాను.

వేదిక మీద సాక్ష్యం చెప్పడం ఎంత బరువో చెప్పించేవాళ్లకు తెలియదు. "దేవుడు ఒక్క రాత్రిలో విడిపించాడు" అని మైకులో చెప్పాక, ఆ రాత్రి ఇంటికెళ్లి మందు మీద ఆశ పుడితే ఎవరికి చెప్పుకోవాలి? చెబితే సాక్ష్యం అబద్ధమైపోతుంది. చెప్పకపోతే లోపల ఒక్కడివే పోరాడాలి. నా చుట్టూ అందరూ నా గెలుపు మీద సంతోషిస్తున్నారు, నా పోరాటం గురించి అడిగినవాడు లేడు. అప్పుడే అప్పుడే మానినవాణ్ణి వేదిక ఎక్కించకండి. అది అతని మంచికోసమే.

నేను పడినప్పుడు సంఘంలో ఒక పెద్దాయన, రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్, రోజూ సాయంత్రం షాపులు నిండే వేళకు మా ఇంటికి వచ్చేవాడు. నాకు మందు గుర్తొచ్చే వేళ అదేనని ఆయనకు తెలుసు. "పద, నడిచొద్దాం" అనేవాడు. నేను తాగి ఉన్న రోజు కూడా వచ్చాడు. ఆ రోజు నడవలేదు, అరుగు మీద కాసేపు కూర్చుని, "రేపు వస్తాను" అని వెళ్లాడు. తాగితే ఒక ముఖం, మానితే ఒక ముఖం ఆయన దగ్గర లేవు. నేను ఆస్పత్రికి వెళ్తానన్నదీ ఆయనతోనే. ఎందుకంటే ఓడిపోయినా ఈ మనిషి పోడని తెలిసింది.

తాగి ఉన్నప్పుడు మాత్రం బుద్ధులు చెప్పకండి, ఒట్లు వేయించకండి. తెల్లారితే గుర్తుండవు, గుర్తున్నా సిగ్గు మాత్రమే మిగులుతుంది. మాట్లాడాలంటే ఉదయం పూట మాట్లాడండి.

ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) కూడికలు మన రెండు రాష్ట్రాల్లోనూ జరుగుతున్నాయి, ఫీజు ఉండదు. అది సంఘానికి పోటీ కాదు. 1935లో అమెరికాలో అది మొదలైందే, తాగుడు మానాలనుకున్న ఇద్దరు మనుషులు ఒకరికొకరు తోడు కూర్చోవడంతో.

నెల్లూరు అక్క | సోమవారం రాత్రి 10:30

అందరూ ఆ తమ్ముడి గురించే మాట్లాడుతున్నారు. వెనకాల కూర్చుని వెళ్లిపోతున్న ఆ చెల్లెలి గురించి ఒక్కరూ అడగలేదే?

ఆమె దగ్గరికి ఒక అక్క వెళ్లాలి, అన్న కాదు. "నువ్వు ఇంకా ప్రార్థన చేస్తే మారతాడు", "నువ్వు నోరు మూసుకుని ఓర్చుకో" అనే మాటలు ఆమె చెవిన పడకూడదు. అతను తాగడం ఆమె ప్రార్థన తక్కువై కాదు. కొడుతున్నాడా అని మెల్లగా, ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి. కొడుతుంటే పిల్లల్ని తీసుకుని ఆ రాత్రి ఎక్కడికి వెళ్లాలో ముందే ఒక ఇల్లు మాట్లాడి పెట్టండి. మహిళల హెల్ప్‌లైన్ 181, పోలీసులకు 112. 2005లో చేసిన గృహహింస చట్టం ఉంది. దాన్ని వాడుకుంటే విశ్వాసం తగ్గినట్టు కాదు. అతన్ని ప్రేమించడమంటే ఆమెను దెబ్బలకు అప్పగించడం అనుకునే సంఘంలో నేను కూర్చోలేను.

ఇంకొకటి, ఇది చాలా ఇళ్లలో జరుగుతోంది. మందు మాన్పించే పొడి, మాత్ర అని తెచ్చి, భర్తకు చెప్పకుండా కూరలో కలిపేస్తారు. నర్సమ్మగారు చెప్పాలి, అది ప్రమాదం కదా?

మా జిల్లాలో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన రోజులు నాకు బాగా గుర్తు. ఆ ఉద్యమంతోనే 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో మద్య నిషేధం, 1997లో మళ్లీ ఎత్తేశారు. మందు మీద కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. కోపం సీసా మీద, అమ్మేవాడి మీద పెట్టుకోండి. ఇంట్లో పడి ఉన్న మనిషి మీద పెట్టుకుంటే ఆ ఇల్లు బాగుపడదు.

విశాఖ నర్సు | మంగళవారం ఉదయం 7:10

అక్కా, మంచి ప్రశ్న. అలాంటి వాటిలో డైసల్ఫిరామ్ అనే మందు ఉండవచ్చు. అది ఒంట్లో ఉండగా తాగితే గుండెదడ, వాంతులు, బీపీ పడిపోవడం జరుగుతాయి, ప్రాణం మీదికి కూడా రావచ్చు. డాక్టరు పరీక్షలు చేసి, రోగికి చెప్పి, అతను ఒప్పుకుంటేనే ఇవ్వాల్సిన మందు అది. చెప్పకుండా కలపడం ఎప్పుడూ చేయకండి. పైగా ఒకసారి తెలిసిపోతే భార్య పెట్టే అన్నం మీద కూడా నమ్మకం పోతుంది.

దీని వల్ల సంఘాలకు ఒక సంగతి. ఆ మాత్ర వాడేవాళ్లు బల్లలో, అంటే ప్రభువు భోజన సంస్కారంలో, నిజమైన ద్రాక్షారసం, అంటే పులిసిన వైన్ తీసుకోకూడదు. కొన్ని దగ్గు సిరప్పులు కూడా పనికిరావు.

ఒంగోలు కాపరి | మంగళవారం ఉదయం 11:45

వందనాలు. భీమవరం పెద్దగారికి జవాబివ్వాలి, ఎందుకంటే ఆయన ఎత్తిన వచనాన్ని దాటేసి ముందుకు పోవడం న్యాయం కాదు.

1 కొరింథీ 5లో పౌలు చెబుతున్న మనిషి ఎలా ఉన్నాడు? పాపం బాహాటంగా నడుస్తోంది, సంఘం దుఃఖపడకుండా ఉప్పొంగుతోంది. అక్కడ శస్త్రం అవసరమైంది. ఈ తమ్ముడు సిగ్గుతో ఆటో సందులోకి తిప్పుకుంటున్నాడు. వీళ్లిద్దరూ ఒక్కటి కాదు. గద్దింపు వినాల్సినవాడు తన పాపం గురించి గర్వించేవాడు. ఇతను ఇప్పటికే తన్ను తానే రోజూ శిక్షించుకుంటున్నాడు. అదే పౌలు రెండో పత్రిక రెండో అధ్యాయంలో, శిక్ష పొందినవాణ్ణి ఇక క్షమించి ఆదరించండి, లేకపోతే అత్యధికమైన దుఃఖంలో మునిగిపోతాడని రాశాడు. నర్సమ్మగారు ఆత్మహత్య గురించి చెప్పిన మాట, పౌలు భయం, రెండూ ఒకే చోటికి వస్తున్నాయి.

అలాగని పాపం అనే మాట వదిలేయమని నేను అనను. గలతీ 6:1 "సాత్వికమైన మనస్సుతో" మంచి దారికి తీసుకురమ్మంటోంది. దారి మంచిది కావాలి, మనసు సాత్వికం కావాలి. ఆ తమ్ముడు తనంతట తాను "అన్నా, తప్పు చేశాను" అంటే, "అబ్బే, ఏం పర్లేదు" అని తేలిగ్గా తీసేయకండి. అతను బరువైన మాట చెప్పాడు, బరువుగానే వినండి. అప్పుడు క్షమాపణ గురించి చెప్పండి. సంఘం ఎదుట నిలబెట్టే అవసరం నాకు కనబడదు. దాక్కునేవాణ్ణి వేదిక మీదికి లాగితే ఇంకా లోపలికి దాక్కుంటాడు.

న్యూటన్ సంగతి కొందరికి తెలిసే ఉంటుంది. ఇంగ్లండులో ఓల్నీ అనే ఊరికి కాపరి జాన్ న్యూటన్. ఆయన స్నేహితుడు విలియం కూపర్ కవి, తీవ్రమైన మానసిక కుంగుబాటు ఉన్నవాడు. 1773లో అది మళ్లీ తిరగబెట్టినప్పుడు న్యూటన్ దంపతులు అతన్ని ఏడాదికి పైగా తమ ఇంట్లోనే ఉంచుకుని చూసుకున్నారు. దేవుడు తనను విడిచేశాడనే నమ్మకం కూపర్‌ను 1800లో చనిపోయేదాకా వదల్లేదు. న్యూటన్ మాత్రం లండన్‌కు మారినా స్నేహం వదల్లేదు. బాగుపడితేనే నా శ్రమ ఫలించినట్టు అనుకుంటే ఆయన ఎప్పుడో ఆపేసేవాడు. బాపట్ల బ్రదర్, మీరు ఈ మాట మనసులో పెట్టుకుని వెళ్లండి. అతను రేపే మానకపోవచ్చు.

బల్ల విషయంలో, మా సంఘంలో అందరికీ పులియని ద్రాక్షరసమే వాడతాం. ఒక్క మనిషికి వేరే గిన్నె పెట్టి నలుగురిలో గుర్తు వేయడం నాకు ఇష్టం లేదు.

డాలస్ తెలుగు విశ్వాసి | మంగళవారం రాత్రి 9:20

ఇక్కడ చాలా చర్చి భవనాల్లో వారం మధ్యలో ఏఏ కూడికలకు గది ఇస్తారు. మన దగ్గర వారంలో చాలా రోజులు మందిరం తాళం వేసి ఉంటుంది. ఒంగోలు అయ్యగారు, బాపట్ల బ్రదర్, మీ వైపు ఆ గది ఇవ్వగలరేమో ఆలోచించండి. ప్రసంగం అక్కర్లేదు, కుర్చీలు, టీ చాలు.

భీమవరం సంఘ పెద్ద | బుధవారం ఉదయం 6:05

అయ్యగారు, మీ జవాబు రెండుసార్లు చదివాను. గర్వించేవాడికీ దాక్కునేవాడికీ తేడా ఉందన్నది ఒప్పుకుంటాను. అయితే మారుమనస్సు కనబడేదాకా బల్లకు దూరంగా ఉండాలనే నా అభిప్రాయం అలాగే ఉంది. ఒకటి అడుగుతాను. తాగుబోతు ఇంట్లో పెరిగిన పిల్లలకు సంఘం ఏం చేయాలి? నాకు ఆ వయసులో ఎవరైనా వచ్చి ఫీజు కట్టి, హోంవర్క్ చేయించి ఉంటే బాగుండేది. బాపట్ల బ్రదర్, ఆ ఇద్దరు పిల్లలు ఏం చదువుతున్నారు?

బాపట్ల బ్రదర్ | గురువారం రాత్రి 9:50

పెద్దగారు, పెద్దది ఆరో తరగతి, చిన్నవాడు మూడు. అడిగినందుకు చాలా సంతోషం.

ఈ రోజు పొద్దున్నే వెళ్లాను, మానిన అన్న చెప్పినట్టు. పిల్లలకు అరటిపళ్లు తీసుకెళ్లాను. నన్ను చూసి లేచి లోపలికి పోబోయాడు. "ఆరాధన గురించి రాలేదు, నిన్ను చూసి చాలా రోజులైంది" అన్నాను. కూర్చున్నాడు. చాలాసేపు ఆటో ఫైనాన్సు వాయిదాల గురించే మాట్లాడాడు. లేవబోతుంటే అతనే అన్నాడు, "అన్నా, నా సాక్ష్యం వీడియో యూట్యూబ్‌లో ఉంది, దాన్ని తీసేయమని చెప్పవా?" అని. ఏం చెప్పాలో తెలియలేదు. చేయి పట్టుకుని, "అడుగుతాను" అన్నాను. పొద్దున తాగకపోతే చేతులు వణుకుతాయని తనే చెప్పాడు. ఆస్పత్రికి వస్తావా అంటే వద్దనలేదు, "తోడు వస్తే చూద్దాం" అన్నాడు. సోమవారం వెళ్దామనుకున్నాం. మా అమ్మగారిని (కాపరి భార్యను) ఆ చెల్లెలి దగ్గరికి పంపుతున్నాను.

రెండు సందేహాలు. వాయిదా కోసం డబ్బు అడిగితే ఇవ్వాలా? సోమవారం దాకా తాగకుండా ఉండమని చెప్పాలా?

నెల్లూరు అక్క | గురువారం రాత్రి 10:15

డబ్బు చేతికివ్వొద్దు తమ్ముడూ. ఫైనాన్సు ఆఫీసుకు మీరే వెళ్లి కట్టండి, లేదా స్కూలు ఫీజు స్కూల్లోనే కట్టండి. "నీ మీద నమ్మకం లేక కాదు, ఇప్పుడు చేతిలో డబ్బు ఉంటే నీకే కష్టం" అని అతనికి ముఖం మీదే చెప్పండి. దాచి చేయకండి. వీడియో విషయం మాత్రం వెంటనే చేయండి. అతను అడిగిన మొదటి సాయం అది.

ఒంగోలు కాపరి | గురువారం రాత్రి 10:40

ఆ వీడియో పెట్టినవాళ్లకు నేను రాయాల్సి వస్తే చెప్పండి, రాస్తాను. ఇలాంటివి మనిషి అనుమతితో పెట్టాలి, వద్దంటే ఆ రోజే తీసేయాలి.

విశాఖ నర్సు | శుక్రవారం ఉదయం 6:50

పొద్దున చేతులు వణుకుతున్నాయంటే సోమవారం దాకా పూర్తిగా ఆపమని చెప్పకండి. ఒక్కసారిగా ఆపొద్దు, ఆటో మాత్రం తీయొద్దని చెప్పండి. వీలైతే సోమవారం దాకా ఆగకుండా రేపే వెళ్లండి. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీ ఉదయమే ఉంటుంది, తొందరగా చీటీ తీసుకోండి. ఈలోపు ఫిట్స్ వచ్చినా, మాట తడబడి మతి తప్పినట్టున్నా ఓపీ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.

డాక్టరు దగ్గర దాచకుండా చెప్పాల్సినవి: రోజుకు ఎంత తాగుతాడు, చివరిసారి ఎప్పుడు తాగాడు, ఇంతకు ముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, వేరే ఏ మాత్రలు వాడుతున్నాడు. పాత చీటీలుంటే పట్టుకెళ్లండి. డాక్టరు గదిలోకి మీరు రావాలా వద్దా అని అతన్నే అడగండి. చేర్చుకుంటే కొన్ని రోజులు పక్కన ఒక మనిషి ఉండాలి. భార్య ఒక్కతే చేయలేదు, మీలో ఎవరెవరు ఏ రాత్రి ఉంటారో ఇప్పుడే మాట్లాడుకోండి.